ఎడమ పక్క ఎండ

"నా దీపాల నూనె ఏది?"

ఈరమ్మ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. ఆమె చేతిలో ఖాళీ సీసా ఉంది. ఎదురుగా కారు ఉంది. కారు పక్కన, చేతిలో పాత బనీను గుడ్డతో, మొగుడు రామచంద్రయ్య ఉన్నాడు. ఇక అడగడానికేముంది? అయినా ఆయన నోటితోనే చెప్పించాలని ఆమె పంతం.

"జరంత వాడిన," అన్నాడాయన.

"జరంతనా?" అని ఆమె సీసా బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు.

నిన్న రాత్రి ఇదే కారును చూసి ఇంటిల్లిపాదీ ముచ్చటపడ్డారు. ఎండకు వెలిసి బూడిద రంగుకు తిరిగిన బంపరు, తలుపుల కింది ప్లాస్టిక్ పట్టీలు, చక్రాల చుట్టూ ఉండే నల్ల అంచులు, అన్నీ నిగనిగలాడాయి. రామచంద్రయ్య ఫోన్లో ఏదో వీడియో చూశాడు. దుకాణానికి పోతే అనవసరపు ఖర్చు, ఇంట్లో నూనె ఉంటే చాలని అందులో చెప్పారట. వాళ్ళు చెప్పింది కొబ్బరి నూనె. నువ్వుల నూనె ఇంకా చిక్కన, ఎక్కువ రోజులు ఆగుతుందని తేల్చింది మాత్రం ఈయన సొంత తెలివి. ఆ తెలివితోనే పూజగదిలో చెయ్యి పెట్టాడు.

తెల్లారేసరికి ఉప్పల్ రోడ్డు మీది దుమ్మంతా వచ్చి ఆ నూనె మీద కూర్చుంది. ఫ్లైఓవర్ పిల్లర్లు లేస్తున్న రోడ్డాయె, దుమ్ముకేం కరువు? నల్లగా మెరిసిన పట్టీలు ఎర్రమట్టి పూసిన అరుగుల్లా తయారయ్యాయి. వేలితో గీస్తే గోటినిండా జిడ్డు.

"రేపు సోమవారం. కీసర గుడికి కొంటవోవాల్సిన నూనె అది," అంది ఈరమ్మ. "పిల్ల పేరు మీద ఒత్తులు మొక్కుకున్న. ఆ దేవుని నూనె తెచ్చి బండికి పూస్తవా?"

పిల్ల అన్న మాట వినగానే రామచంద్రయ్య మొహం తిప్పుకున్నాడు.

ఆ ఇంట్లో ఆ మాట పలికినప్పుడల్లా అంతే. పిల్ల అంటే కూతురు ఆశ. మొగుడితో పొసగక పుట్టింటికి వస్తే, సర్దుకపోవాలె బిడ్డా అని ఆయన వెనక్కి పంపించాడు. ఆమె మొగుడి దగ్గరికీ పోలేదు, మళ్ళీ ఈ గడపా తొక్కలేదు. పుణెలో ఏదో కంపెనీలో పని దొరికిందని తమ్ముడు నరేన్ చెప్పాడు. ఆ తర్వాత కోడలిగా వచ్చిన సిరి ఆడబిడ్డను ఇంతవరకూ ఫోటోలో తప్ప చూడలేదు.

గొడవ విని నరేన్ తల దువ్వుకుంటూ బయటికొచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బండికి తాలింపు పెట్టినవా బాపూ?"

రామచంద్రయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను నీ చేతికిచ్చిననాడు ఎట్లుండెరా ఇది? అద్దం లెక్కుండె. నువ్వేడ పడేస్తున్నవో ఏమో, ప్లాస్టిక్ అంత సున్నం కొట్టినట్టయింది. సిగ్గనిపించి రుద్దిన."

"కంపెనీ షెడ్డుల పెడుత. పొద్దంత నీడల్నే ఉంటది."

"నీడల ఉన్న బండికి ఎండెట్ల తగిలింది?"

ఆ ప్రశ్నకు నరేన్ తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. దువ్వెన జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు జర బయట పనుంది," అని మోటారుసైకిలు తాళం అందుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం పొద్దున్నే ఏం పనో ఎవరికీ చెప్పలేదు. గడపలో నిలబడ్డ పెళ్ళానికి కూడా చెప్పలేదు.

సిరికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా ఎందుకలా ఉందో తెలిసేదాకా ఆమెకు అన్నం సయించదు. మొగుడు జవాబు మింగి వెళ్ళిపోవడం ఆమె కళ్ళారా చూసింది. సరే, ముందు బండి సంగతి చూద్దామనుకుంది.

"మామా, నూనె పుయ్యొద్దు. నేను చేస్త ఉండు," అని లోపలికి పోయి గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు, పాత టూత్‌బ్రష్ తెచ్చింది. ఇంకో చేతిలో పిస్తోలు ఆకారంలో ఒక యంత్రం ఉంది.

"ఇదేంది, జుట్టు ఆరబెట్టుకునేదా?"

"దానికి పెద్దన్న లాంటిది. మా కంపెనీల సీసాల మీద ప్లాస్టిక్ తొడుగులు దీంతోనే బిగిస్తం. వేడిగాలి కొడుతది. మా సూపర్‌వైజర్‌ను అడిగి ఆదివారానికని తెచ్చిన."

ఆమె నాచారంలో ఒక మందుల కంపెనీలో, ప్యాకింగు విభాగంలో పనిచేస్తుంది. కంపెనీ బస్సు ఎక్కి పోతుంది, అదే బస్సులో వస్తుంది. నరేన్ పనిచేసే ఇంజినీరింగు యూనిట్ కూడా నాచారంలోనే కానీ ఇద్దరి వేళలూ కలవవు. అందుకే ఆయన కారు, ఆమె బస్సు.

కారును గోడ దగ్గరనుంచి వాకిలి మధ్యకు జరిపించి, సబ్బునీళ్ళతో జిడ్డంతా వదిలించేసరికి ఎండ ముదిరింది. గుడ్డతో పొడిగా తుడిచి, ఎడమ ముందు చక్రం పైనున్న అంచు దగ్గర కూర్చుని యంత్రం ఆన్ చేసింది. జానెడు దూరంలో పట్టుకుని, ఒక్కచోట ఆపకుండా అటూ ఇటూ ఆడించింది. బూడిద రంగు ప్లాస్టిక్ చూస్తుండగానే తడిసినట్టు నల్లబడింది.

రామచంద్రయ్య నూనె సంగతీ పెళ్ళాం కోపమూ మర్చిపోయి గొంతుకూర్చున్నాడు. "అరె. నలుపు ఏడికెల్లి వస్తుంది బిడ్డ?"

"దాని లోపటి నూనెనే పైకొస్తది మామా. ఎక్కువసేపు ఒక్కతాన పట్టుకుంటె మాత్రం కరిగి వంకర పోతది. మాటిమాటికి చేసినా పనికిరాదు."

"ఏదీ, నాకియ్యి."

ఇవ్వలేదు. దీపాల నూనెతో బండి తుడిచిన మనిషి చేతికి నిప్పులు కక్కే యంత్రం ఇవ్వడానికి ఆమె ఏమైనా వెర్రిదా? ముందు బంపరు ఎడమ మూల పూర్తిచేసి, ఒళ్ళు విరుచుకుని, కుడి పక్కకు పోయింది.

పోయి నిలబడిపోయింది.

కుడి పక్క చేయడానికి పనే లేదు. సబ్బుతో కడిగిన పట్టీలు శుభ్రంగా, నల్లగా ఉన్నాయి. వేలితో రుద్ది చూసింది. మళ్ళీ ఎడమ పక్కకు వచ్చింది. ఇక్కడ తలుపుల కింద తెలుపు. అక్కడ నలుపు. ఇంట్లో పెట్టినప్పుడు ఎడమ పక్క ఎప్పుడూ గోడవైపే ఉంటుంది కాబట్టి, బంపరు మూల తప్ప ఏదీ ఎవరి కంటా పడలేదు. నిన్న మామగారు చీకటిపడ్డాక ఆ సందులో దూరి నూనె పులిమాడే తప్ప చూడలేదు.

"మామా, ఒక్క పక్కనే వెలిసింది. ఎందుకు?"

రామచంద్రయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు నేలలు కొలిచి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఆయన్ను ఎవరూ ఏ కొలతా అడగలేదు. ఇప్పుడు కోడలు అడిగింది. మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి కారు చుట్టూ వంగి నడిచాడు.

"వెనక చక్రం దిక్కు సూడు," అన్నాడు. "ఆడ నలుపే ఉంది. వెనక తలుపు సగం దాక నలుపు. ఆడికెల్లి ముందుకు తెలుపు. గీత కొట్టినట్టుంది."

నిజమే. తలుపు కింది పట్టీ మీద తెలుపూ నలుపూ కలిసేచోట ఏటవాలుగా ఒక హద్దు ఉంది.

"అంటే?"

"అంటే బండి రోజు ఒక్కతాననే నిలబడుతుంది. ఒక్క తీరుగనే నిలబడుతుంది. ఎడమ పక్క పడమటెండ కొడుతుంది, అంటే మూతి ఉత్తరం దిక్కు. ఎడమకు ముందు సగం అడ్డమేం లేదు, ఖాళీ జాగ అయ్యుంటది. వెనక సగానికి ఏదో అడ్డముంది. గోడనో, రేకులో. కుడి పక్క పొద్దటెండ లేదంటే తూర్పుకు ఎత్తు బిల్డింగుంది." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఇది షెడ్డు కాదు బిడ్డ."

సిరి మళ్ళీ యంత్రం అందుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆపు. ఆ హద్దు పోగొట్టకు. పోయినంక మనకు దొరకది."

ఏం దొరకాలి? ఆ మాట ఆమె అడగలేదు. అడగకపోయినా మనసు ఊరుకుంటుందా? నరేన్ రోజంతా ఎక్కడ ఉంటున్నాడు? ఉద్యోగం పోయిందా? పోతే ఎందుకు దాచాడు? ఉద్యోగం ఉంటే, కారు ఎవరి ఇంటిముందు నిలబడుతోంది? ఆ చివరి ప్రశ్న దగ్గరే ఆమె ఆగిపోయింది. పెళ్ళయి రెండేళ్ళు. ఆయన ఒక్క అబద్ధమైనా చెప్తాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"పోయి సూద్దామా?" అన్నాడు రామచంద్రయ్య. ఆయన గొంతులో కోపం కంటే ఆత్రమే ఎక్కువ ఉంది.

"పోదాం మామా."

"ఏడికి?" ఈరమ్మ గొంతు వెనకనుంచి వచ్చింది. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు.

"వీడు బండి ఏడ పెడుతుండో సూసొస్తం."

"ఏడ పెడితే మీకేంది? దొంగతనం చేస్తుండా, లంగతనం చేస్తుండా? ఇంట్ల కూసోరాదు ఆదివారం పూట."

"ఇంతసేపు నూనె అని నన్ను సంపితివి. ఇప్పుడు కూసోమంటున్నవ్."

"నూనె పోతే పోనీ. దుకాణంల ఇంకోటి దొరుకుతది."

సిరి అత్తగారి మొహంలోకి చూసింది. పొద్దున్నుంచీ ఆ నూనె కోసం ఇల్లు పీకి పందిరేసిన మనిషి ఇప్పుడు పోతే పోనీ అంటోంది. ఈరమ్మ కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది. కారు గేటు దాటాక కూడా ఆమె గేటు వేయలేదు.

దారిపొడవునా రామచంద్రయ్యే మాట్లాడాడు. ఏ రోడ్డు ఎటు వంగుతుందో, ఏ పూట ఎండ ఏ పక్క కొడుతుందో చెప్పుకుంటూ పోయాడు. సిరి ఊఁ కొట్టింది. నాచారం కంపెనీల వీధుల్లో ఆదివారం కావడంతో లారీలు మూతులు ముడుచుకుని నిలబడి ఉన్నాయి.

నరేన్ కంపెనీ గేటు దగ్గర కాపలా మనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కారును చూసి లేచాడు.

"నరేన్ సారు బండి గాదా ఇది?"

"అవును. నేను వాని నాయినను. బండి లోపట షెడ్డుల పెడుతడా?"

"లేదు సార్. షెడ్డుల జాగుంది గాని సారు పెట్టడు. ఆ ఎనక గల్లికెల్లి నడిసొస్తడు రోజు. పగటి అన్నానికి గూడ ఆడికే పోతడు."

ఉద్యోగం పోలేదు. ఆ సంగతి తెలియగానే సిరికి ప్రాణం కుదుటపడాలి. పడలేదు. అన్నానికి పోతాడట. ఎక్కడికి? రామచంద్రయ్య కోడలివైపు చూసి, చూడనట్టు గేరు మార్చాడు. ఆయన ఉత్సాహం కొంచెం తగ్గింది.

"వాపస్ పోదామా బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"వద్దు మామా. ఇంతదూరం వచ్చినం. ఏదైతే అదైంది, నాకు తెల్వాలె."

వెనక గల్లీలు సన్నగా ఉన్నాయి. మొదటిది తూర్పు పడమరలుగా పోతోంది, కాదన్నాడాయన. ఇంకోదాంట్లో రెండు పక్కలా మేడలే, అదీ కాదన్నాడు. మూడో గల్లీ ఉత్తరానికి తిరిగింది. కొంతదూరం పోయాక కుడిచేతికి మూడంతస్తుల మేడ, ఎడమచేతికి ముందు రేకులు దించిన చిన్న ఇల్లు, దాన్ని దాటగానే పిచ్చిచెట్లు మొలిచిన ఖాళీ ప్లాటు.

రామచంద్రయ్య కారును ఎడమకు చేర్చి ఆపాడు. దిగి చూసి, మళ్ళీ ఎక్కి మూరెడు వెనక్కి జరిపాడు. మళ్ళీ దిగాడు. మధ్యాహ్నం వాలిన ఎండ ప్లాటు మీదుగా వచ్చి బండి ముందు సగం మీద పడింది. రేకుల నీడ వెనక సగం మీద పడింది. ఆ నీడ అంచు తలుపు కింది పట్టీ మీదికి వచ్చి, తెలుపూ నలుపూ కలిసే హద్దుకు వేలెడు ఎడంలో ఆగింది.

"సూసినవా? సూసినవా బిడ్డా?" ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకో గంట ఆగితే గీత మీదికే వస్తది. ఇదే జాగ. ఇగ అనుమానమే లేదు."

సిరి రేకుల ఇంటివైపు చూస్తోంది. చిన్న గేటు. గేటు వెనక తులసి కుండీ. తాడు మీద ఆరేసిన ఆడవాళ్ళ బట్టలు. తలుపు మూసి ఉంది. ఆమె కారుకు ఆనుకుని నిలబడింది.

ఎదురు మేడ మెట్ల మీద కూర్చుని మెంతికూర తెంపుతున్న పెద్దావిడ తలెత్తింది. పక్కింటామె ఆమెను శాంతాబాయీ అని ఏదో అడిగితే, వస్తున్నా ఉండమని ఇటే చూసింది. "ఇదేంది, ఐతారం నాడు బండొచ్చింది? నరేన్ రాలే?"

"నేను వాని నాయినను," అన్నాడు రామచంద్రయ్య, ఈసారి కొంచెం తడబడి. "బండి రోజు ఈడనే పెడుతడా?"

"రోజు ఈడనే. పొద్దుగాల పెట్టి డ్యూటీకి నడిసిపోతడు, పొద్దుగూకంగ తీస్కపోతడు. నేనే అడిగిన, నీడకు పెట్టుకోరాదా కొడుకా, ఎండకు పాడైతుంది అని. పాడైతే కానీ పెద్దమ్మా, గేటు ముంగటనే ఉండాలె అన్నడు."

"ఎందుకు?" అంది సిరి.

"ఆ ఇంట్ల పిల్ల ఒక్కతే ఉంటది గదమ్మా. మొగనితోని పడక వచ్చి ఉంటుంది. వచ్చిన కొత్తల తాగినోడు ఎవడో తలుపు కొట్టిండు. ఇంకోడు గేటు కాడ నిలబడి పాటలు. ఇంటి ముంగట బండుంటే లోపట మగదిక్కుందని అనుకుంటరు. అప్పటిసంది పెడుతుండు. ఇగ ఒక్కడు ఇటు సూడలే." శాంతాబాయి ఒక కాడ తెంపి పారేసింది. "ఐతారం ఒక్కనాడే బండుండది. ఆనాడు ఆ పిల్ల తలుపే తియ్యది. పాలకు గూడ బయటికి రాదు."

సిరికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. అది భయం వదిలిన ఏడుపు. ఇంతసేపూ మొగుణ్ణి ఏమేమో అనుకుంది, ఆ మాటలన్నీ ఇప్పుడు సిగ్గుగా తోచాయి. ఆమె మామగారి వైపు తిరిగింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

రామచంద్రయ్య మొహంలో వెలుగు పోయింది. బండి మీద ఆన్చిన చెయ్యి ఆన్చినట్టే ఉంది.

"ఆ పిల్ల పేరేంది?" అని అడిగాడు. తెలిసే అడిగాడు.

"ఆశ."

పుణె అనుకున్నాడు. ఇన్నాళ్ళూ రాత్రి టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు పుణెలో వానలంటే చెవి అటు పెట్టేవాడు. సిరి అది చాలాసార్లు గమనించింది, ఆ ఊసెత్తితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. కూతురు మాత్రం ఉప్పల్ నుంచి ఆటోలో వచ్చేంత దూరంలో, తలుపు వేసుకుని కూర్చుంది.

"మామా, వదినెను పిలవనా?"

"వద్దు." ఆయన వెళ్ళి మళ్ళీ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "నువ్వు ఆటోల ఇంటికి పో బిడ్డా."

"నువ్వు?"

"నేను ఈడ కూసుంట. పొద్దుగూకేదాక బండి ఈడనే ఉంటది ఇయ్యాల."

"ఎండల కూసుంటవా?"

ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. సిరి పోలేదు. పోవడం ఎట్లా? గేటు పక్కన గోడ నీడలో నిలబడింది.

కాసేపటికి లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు ముందు కొంచెం, తర్వాత పూర్తిగా తెరుచుకుంది. ఫోటోలో కంటే సన్నగా, కళ్ళ కింద నల్లగా, నైటీ మీద టవలు కప్పుకుని ఆశ బయటికొచ్చింది. కారును చూసి ఆమె మొహంలో నవ్వొచ్చింది.

"తమ్మీ, ఇయ్యాల గూడ వచ్చినవా? అమ్మ ఏమన్న పంపిందా?"

అంటూ గేటు దాకా వచ్చి, దాని మీద చెయ్యేసి వంగి, కారు కిటికీలోంచి చూసింది. నవ్వు ఆగిపోయింది.

రామచంద్రయ్య అప్పుడు తల తిప్పాడు. కూతురి మొహం చూసి కాదు, అమ్మ అన్న మాట విని. "మీ అమ్మకు ఎరుకేనా?"

ఆశ టవలు భుజాల మీదికి లాక్కుంది. సిరికి రోజూ పొద్దున్నే అత్తగారు కట్టే డబ్బా గుర్తొచ్చింది. ఒక్క మనిషికి అంత కూర ఎందుకత్తమ్మా అని ఒకసారి అడిగితే, వానికి ఆకలెక్కువ అంది. ఆ ఇంట్లో ఆయనకూ తనకూ తప్ప అందరికీ తెలుసన్నమాట.

రామచంద్రయ్య కారు దిగాడు. చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వచ్చాడు. రెండుసార్లు దగ్గాడు. ఎదురు మెట్ల మీద శాంతాబాయి ఆకులు తెంపడం మానేసి చూస్తోంది.

"బిడ్డా," అన్నాడు. "లోపటికి రావచ్చునా?"

ఆశ ఆయన్ను పైనుంచి కింది దాకా చూసింది. నెరిసిన గడ్డం, సబ్బునీళ్ళకు తడిసి ఆరిన లుంగీ, నూనె మరకల చేతులు.

"ఆనాడు నేను గూడ ఇదే అడిగిన బాపూ. మన గేటు కాడ నిలబడి, ఇదే మాట అడిగిన."

ఆయన తల దించుకున్నాడు. గేటు మీద నుంచి ఆమె చెయ్యి తియ్యలేదు, గొళ్ళెం కూడా తియ్యలేదు.